దక్షిణ తెలంగాణ దారుల్లో కంటైనర్ వ్యాగన్లు: నమూనా రైళ్లలో కాలానుగుణ్యత

ఓడ పెట్టెలను, అంటే కంటైనర్లను మోసే చదును వ్యాగన్లను చిన్న స్కేలులో తయారుచేసి, అవి నిజంగా తిరిగిన దారికీ కాలానికీ సరిపోయేలా నడపడం నమూనా రైళ్ల కళలో ఒక ప్రత్యేక శాఖ. ఈ వ్యాసం ఆ పనిని పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల గుండా పోయే రెండు దారుల ఆధారంగా పరిచయం చేస్తుంది. ఒకటి పగిడిపల్లి దగ్గర విడిపోయి చిట్యాల, నల్లగొండ, మిర్యాలగూడ, విష్ణుపురం మీదుగా కృష్ణ దాటి నడికుడి వైపు సాగుతుంది. రెండోది సికింద్రాబాద్ నుంచి షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు మీదుగా డోన్ చేరుతుంది.

బొగ్గు వ్యాగన్‌నో ప్యాసింజరు పెట్టెనో నమూనాగా చేసేవారు అది ఏ ఏళ్లలో నడిచిందో తెలుసుకుంటే చాలావరకు పని తీరుతుంది. కంటైనర్ వ్యాగన్‌కు అలా కుదరదు. వ్యాగన్ రైల్వేలదో రవాణా సంస్థదో అవుతుంది. దాని మీది పెట్టె ఏ దేశపు ఓడల కంపెనీదో అవుతుంది, ఈ రోజు మిర్యాలగూడ దాటిన పెట్టె కొద్ది వారాల్లో మరో ఖండంలో ఉండవచ్చు. కింద పట్టా వెడల్పు, పైన కరెంటు తీగ వేరే కాలక్రమంలో మారుతూ వచ్చాయి. వ్యాగన్, పెట్టె, దారి అనే ఈ మూడింటి తేదీలు ఒకేచోట కలిసే ఏళ్లే నమూనాకు అసలు కాలం. వ్యాగన్ ఎంత చక్కగా చేసినా, దానిమీద తప్పు పెట్టె కూర్చుంటే తెలిసినవారి కంటికి మొదట కనిపించేది ఆ తప్పే.

పెట్టె పట్టాలెక్కిన తీరు

1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ మీద 58 పెట్టెలను అమెరికాలోని నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. ఆధునిక కంటైనర్ రవాణా చరిత్రను సాధారణంగా అక్కడి నుంచే లెక్కిస్తారు. తర్వాతి పదేళ్లలో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 20 అడుగులు, 40 అడుగుల పొడవులను స్థిరపరిచింది. భారత రైల్వేలు 1966లో బొంబాయి, అహ్మదాబాద్ మధ్య దేశీయ కంటైనర్ సేవ మొదలుపెట్టాయి. అయితే ఆ పెట్టెలు సుమారు 5 టన్నుల సరుకు పట్టే చిన్నవి, ఓడ పెట్టెలకూ వాటికీ పోలిక లేదు. అందుకే 1970 ప్రాంతపు నమూనాలో 40 అడుగుల పెట్టె కనబడితే అది కాలానికి ముందే వచ్చిందన్నమాట. ఓడ కంటైనర్ భారతదేశంలో మొదటిసారి 1973లో కొచ్చిన్ రేవులో దిగింది. రేవు నుంచి దూరంగా, దేశం లోపల కస్టమ్స్ పని ముగించే మొదటి డిపో 1981లో బెంగళూరులో తెరుచుకుంది.

భారత కంటైనర్ సంస్థ, అంటే కాంకర్, 1988 మార్చిలో ఏర్పడి 1989 నవంబరులో రైల్వేల నుంచి ఏడు లోతట్టు డిపోలను తీసుకుని పని మొదలుపెట్టింది. ఆ ఏడింటిలో రెండు తెలుగునేల మీదివే, గుంటూరు, అనపర్తి. పొగాకుకూ మిరపకూ పేరున్న గుంటూరు ఆ వరుసలో ఉండడం నల్లగొండ దారిని నమూనాగా చేసేవారికి పనికొచ్చే సంగతి, ఎందుకంటే ఆ దారి రెండో కొస గుంటూరు పక్కనే ఉన్న నల్లపాడు. హైదరాబాద్ వైపు కాంకర్ డిపో సనత్‌నగర్‌లో ఉంది. 2007లో ప్రైవేటు సంస్థలకు కంటైనర్ రైళ్లు నడిపే అనుమతులు దక్కాయి. అప్పటిదాకా ఒక్క కాంకర్ పేరే చాలిన వ్యాగన్ల మీద పలు పేర్లు రాయాల్సిన అవసరం ఆ ఏడాదితో వచ్చింది. షాద్‌నగర్‌కు ఈవల, కొత్తూరు మండలంలోని తిమ్మాపూర్ దగ్గర లోతట్టు కంటైనర్ డిపో వచ్చాక మహబూబ్‌నగర్ దారికి సొంత కంటైనర్ చిరునామా ఏర్పడింది. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనలో ఆ మండలం రంగారెడ్డి జిల్లాలోకి వెళ్లింది. డిపో బోర్డును నమూనాగా చేసేటప్పుడు జిల్లా పేరు కూడా కాలానికి ఆధారమే.

వ్యాగన్ల రకాలు

పాత తరం వ్యాగన్ బీఎఫ్‌కే. ఎత్తయిన చదును నేల, పెద్ద చక్రాలు, వాక్యూమ్ బ్రేకు దీని గుర్తులు. ఓడ పెట్టెలకు తగినట్టు మార్చిన రూపం బీఎఫ్‌కేఐ. నమూనాలో ఈ తరాన్ని గుర్తుపట్టించేది వ్యాగన్ కొసన వేలాడే లావుపాటి వాక్యూమ్ గొట్టం. ఎయిర్ బ్రేకు వ్యాగన్లకు సన్నని గొట్టాలు ఉంటాయి. రెండు రకాలను ఒకే రేకులో, అంటే ఒకే బండి వరుసలో, కలిపి నడపకూడదు, నిజంలో వాటి బ్రేకులు కలవవు.

1990ల చివరి నుంచి ఈ దృశ్యాన్ని మార్చేసిన వ్యాగన్ బీఎల్‌సీ. దీని నేల పట్టా మీది నుంచి 1,009 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. మామూలు వ్యాగన్లకు ఉండే 1,000 మిల్లీమీటర్ల చక్రాలకు బదులు దీనికి 840 మిల్లీమీటర్లవి వేశారు. 8 అడుగుల 6 అంగుళాల పెట్టెల స్థానంలో 9 అడుగుల 6 అంగుళాల ఎత్తు పెట్టెలు పెరగడంతో వాటిని రైల్వే కొలతల హద్దు దాటకుండా మోయాల్సి వచ్చింది. దారి పొడవునా వంతెనల కింద, ప్లాట్‌ఫారాల పక్కన ఉన్న ఖాళీని మార్చలేరు కాబట్టి వ్యాగన్ నేలనే దించారు.

బీఎల్‌సీ విడిగా తిరగదు. ఐదు వ్యాగన్లు ఒక జట్టుగా ఉంటాయి. రెండు కొసల్లో ఏ రకం, మధ్యలో మూడు బీ రకం. ఏ రకానికి బయటి వైపు మాత్రమే మామూలు కప్లర్ ఉంటుంది. లోపలి జోడింపులన్నీ కుదుపు లేని కడ్డీలతో బిగించినవి. ఇలాంటి జట్లు తొమ్మిది కలిస్తే 45 వ్యాగన్ల పూర్తి రేకు. ఒక్కో వ్యాగన్ మీద 40 అడుగుల పెట్టె ఒకటి గాని 20 అడుగులవి రెండు గాని కూర్చుంటాయి, అంటే రేకుకు 90 ఇరవై అడుగుల పెట్టెలు. మూలల్లోని తాళాలు పెట్టె దిగగానే వాటంతట అవే పడతాయి. నమూనాకారులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ప్రతి వ్యాగన్‌కూ రెండువైపులా కప్లర్లు పెట్టి ఒక్కొక్కటిగా విడదీసేలా చేస్తే చూడడానికి బీఎల్‌సీలాగే ఉంటుంది, నడవడానికి మాత్రం బీఎల్‌సీ కాదు. ఐదింటిని కడ్డీలతో శాశ్వతంగా కలిపేసి, జట్టు కొసల్లో మాత్రమే కప్లర్ ఉంచడం సరైన పద్ధతి. దీనివల్ల ఖర్చు తగ్గుతుంది, వంపుల్లో వ్యాగన్ల మధ్య ఖాళీ కూడా నిజానికి దగ్గరగా కనిపిస్తుంది.

వ్యాగన్ పక్కన రాసే అంకెలు కూడా కాలాన్ని పట్టిస్తాయి. ఇప్పుడు కనిపించే 11 అంకెల సంఖ్యలో మొదటి రెండు రకాన్ని, తర్వాతి రెండు యజమాని రైల్వేను, ఐదు ఆరు అంకెలు తయారైన సంవత్సరాన్ని, ఆపై నాలుగు వరుస సంఖ్యను చెబుతాయి, చివరిది సరిచూసే అంకె. ఈ పద్ధతి 2000ల తొలి ఏళ్లలో వచ్చింది. 1990ల వ్యాగన్ మీద 11 అంకెలు వేస్తే మిగిలిన శ్రమంతా వృథా అవుతుంది.

రెండు దారులు, రెండు కాలక్రమాలు

ఐరోపాలో నమూనా రైళ్ల చరిత్రను సంఖ్యలున్న యుగాలుగా విభజించారు. 1954లో ఏర్పడిన మోరోప్ అనే సమాఖ్య ఆ ప్రమాణాలను నిర్వహిస్తుంది. వాటిలో నాలుగో యుగం దాదాపు 1970 నుంచి 1990 వరకు, ఐదోది అక్కడి నుంచి 2006 వరకు, ఆరోది 2007 నుంచి. ఆరో యుగం మొదలైన ఏడాదే ఇక్కడ ప్రైవేటు కంటైనర్ రైళ్లకు అనుమతి వచ్చినా, ఐరోపా రైళ్ల కోసం గీసిన గీతలను మహబూబ్‌నగర్ మీద పరిచి చూస్తే మిగిలిన ఏదీ సరిపడదు. మన దారులకు మన యుగాలను మనమే నిర్ణయించుకోవాలి. అది కష్టమేమీ కాదు, పైగా అలా చేసినప్పుడే ఈ పని ప్రాంత చరిత్రగా మారుతుంది.

మహబూబ్‌నగర్ దారి నిజాం కాలపు మీటరు గేజి. 1990ల గేజి మార్పిడి దాకా ఇక్కడ వైడీఎం-4 డీజిల్ ఇంజన్లు చిన్న పట్టా మీద బండ్లు లాగేవి. కాబట్టి 1985 నాటి జడ్చర్ల స్టేషన్ కడితే అందులోకి బ్రాడ్ గేజి కంటైనర్ రేకు రాదు. ఇక్కడ కంటైనర్ కథ గేజి మార్పిడితోనే మొదలవుతుంది. అక్కడి నుంచి చాలా ఏళ్లపాటు ఇది ఒంటి పట్టా, డీజిల్ దారి. గుత్తి షెడ్డు డబ్ల్యూడీజీ-3ఏ, డబ్ల్యూడీజీ-4 ఇంజన్లు ఈ కాలానికి సహజమైనవి. సికింద్రాబాద్, మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల జంట పట్టాను, విద్యుదీకరణను 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితం చేశారు. అదే ఏడాది అక్టోబరు 1న జక్లేర్, కృష్ణా స్టేషన్ల మధ్య కొత్త పట్టా ప్రారంభం కావడంతో దేవరకద్ర నుంచి రాయచూరు వైపు ఇంకో దారి తెరుచుకుంది. దేవరకద్ర జంక్షన్‌గా కనిపించే నమూనా మీద డీజిల్ కాలపు తేదీ వేసే ముందు ఈ తేదీలను సరిచూసుకోవాలి.

నల్లగొండ దారి పుట్టుకే బ్రాడ్ గేజి, 1980ల్లో వచ్చింది. అందువల్ల ఇక్కడ కంటైనర్‌కు పట్టా అడ్డు ఎప్పుడూ లేదు. ఈ దారి అసలు బరువు మాత్రం సిమెంటు, బియ్యం. విష్ణుపురం చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు, మిర్యాలగూడ రైసు మిల్లులు మూతవేసిన బీసీఎన్ వ్యాగన్లను నింపుతాయి. సమతూకం కోరేవారు ఒక కంటైనర్ జట్టు చేసే ముందు బీసీఎన్ వ్యాగన్లు ఎక్కువగా చేయాలి. ఈ దారి 2003 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన గుంటూరు డివిజన్‌లోకి వచ్చింది, మహబూబ్‌నగర్ దారి హైదరాబాద్ డివిజన్‌ది. నల్లగొండ దారికి కరెంటు తీగ 2010ల రెండో సగంలో వచ్చింది. ఆ తర్వాతి కాలానికి లాలాగూడ షెడ్డు డబ్ల్యూఏజీ-9 ఇంజను తగిన ఎంపిక.

పెట్టె మీద పెట్టె పేర్చే రైళ్ల విషయం ఇక్కడే చెప్పాలి. ఇవి భారత్‌లో 2006లో పీపావావ్ రేవు నుంచి జైపూర్ వైపు డీజిల్ దారిలో మొదలయ్యాయి. తర్వాత పడమటి సరుకు రవాణా కారిడార్‌లో ఎత్తుగా కట్టిన తీగల కింద కరెంటు ఇంజన్లతో నడిచాయి. అమెరికా కంపెనీల నమూనాల్లో సులువుగా దొరికేవి ఇవే కాబట్టి వాటిని నల్లగొండ దారిలో నడపాలన్న కోరిక కలగడం సహజం. లెక్క చూడండి: 1,009 మిల్లీమీటర్ల నేల మీద 8 అడుగుల 6 అంగుళాల పెట్టెలు రెండు పెడితే ఎత్తు 6.19 మీటర్లు. ఇక్కడి మామూలు తీగ ఆరు మీటర్ల లోపే వేలాడుతుంది.

పెట్టెల రంగులు, గుర్తులు

నమూనాకారునికి పెట్టెలే అసలు పండగ, పొరపాట్లకు చోటు కూడా అక్కడే ఎక్కువ. ఓడ కంపెనీలు కలిసిపోతూ, మాయమవుతూ వచ్చిన చరిత్ర పెట్టె రంగుల్లో ఉంటుంది. సీలాండ్‌ను 1999లో మెర్స్క్ కొన్నది. పీ అండ్ ఓ నెడ్‌లాయిడ్ 1990ల చివరలో ఏర్పడి 2005-06లో అదే మెర్స్క్‌లో కలిసిపోయింది, కాబట్టి ఆ పేరున్న కొత్త మెరిసే పెట్టెకు పదేళ్లలోపు కాలమే తగినది. కొరియాకు చెందిన హన్‌జిన్ 2016లో దివాలా తీసింది. జపాన్‌లోని మూడు సంస్థల కంటైనర్ వ్యాపారాలు కలిసి ఓషన్ నెట్‌వర్క్ ఎక్స్‌ప్రెస్‌గా 2018 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టాయి. దాని ముదురు గులాబి పెట్టె ఒక్కటి రేకులో ఉంటే చాలు, ఆ దృశ్యం 2018 తర్వాతిదని తేలిపోతుంది.

పెట్టె మీది పేరుతో కాలం తేల్చే ఈ నియమం ముందుకే పనిచేస్తుంది, వెనక్కి అంత కచ్చితంగా పనిచేయదు. కంపెనీ పోయినా పెట్టె వెంటనే పోదు. ఓడ మీద పదేళ్లకు పైగా పనిచేసే ఉక్కు పెట్టె పాత పేరుతో, వెలిసిన రంగుతో, కొత్త యజమాని అంకెలతో తిరుగుతూనే ఉంటుంది. 2010 నాటి రేకులో ఒక వెలిసిన పీ అండ్ ఓ నెడ్‌లాయిడ్ పెట్టె సహజంగానే ఉంటుంది, కొత్త రంగుతో ఉంటేనే తప్పు. అందువల్ల ఏ కాలాన్ని ఎంచుకున్నా కొన్ని పెట్టెలను ఆ కాలానికి ముందటి పేర్లతో, తుప్పు చారలతో చేయడం మంచిది. అన్నీ కొత్తవైతే బండి దుకాణం అద్దం వెనక నుంచి వచ్చినట్టు ఉంటుంది.

పెట్టె తలుపు మీది గుర్తులకు అంతర్జాతీయ నియమం ఉంది. యజమానికి నాలుగు అక్షరాలు, వాటిలో చివరిది సాధారణంగా యూ. తర్వాత ఆరు అంకెలు, ఏడోది సరిచూసే అంకె. అక్షరాలకు 10 నుంచి విలువలు ఇచ్చి, 11 గుణిజాలను వదిలేసి, ప్రతి స్థానాన్ని 1, 2, 4, 8 అంటూ రెట్టింపయ్యే సంఖ్యతో గుణించి, మొత్తాన్ని 11తో భాగిస్తే మిగిలే శేషం ఆ చివరి అంకె. శేషం 10 వస్తే సున్నా రాస్తారు. సొంతంగా స్టిక్కర్లు ముద్రించేవారు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే తప్పు సంఖ్యలు పడవు. దాని కింద రాసే పరిమాణ సంకేతం కాలానికి ఇంకా మంచి సాక్షి. 1995 ప్రమాణానికి ముందు 2210, 4310 వంటి నాలుగు అంకెలు ఉండేవి. ఆ తర్వాత 22జీ1, 45జీ1 లాంటి అంకె-అక్షర కూర్పులు వచ్చాయి. ఎత్తు పెట్టెల పైమూలల్లో పసుపు-నలుపు చారలు తప్పనిసరి. 33 మిల్లీమీటర్ల ఎత్తుండే నమూనా పెట్టె మీద అవి సన్నని గీతలే అయినా, అవి లేకపోతే పెట్టె నోరు విప్పనట్టే.

స్కేలు, కొలతలు

భారతీయ నమూనాకారులు ఎక్కువగా పనిచేసేది హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలులో 87వ వంతు. పుణెలో 1998 ఏప్రిల్ 1న తెరిచిన జోషీ సూక్ష్మ రైల్వే మ్యూజియం మన దేశంలో ఈ అభిరుచికి బాగా పేరు తెచ్చిన చోటు. 87వ వంతులో 40 అడుగుల పెట్టె పొడవు 140 మిల్లీమీటర్లు, 20 అడుగులది 69.6. వెడల్పు 28. మామూలు పెట్టె ఎత్తు 29.8, ఎత్తు పెట్టెది 33.3. బీఎల్‌సీ నేల పట్టా నుంచి 11.6 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఈ ఒక్క కొలత తప్పితే బండి మొత్తం ఒడ్డు పొడుగు తేడాగా కనిపిస్తుంది. 600 మీటర్లు దాటే పూర్తి రేకు చిన్నది చేసినా 7 మీటర్ల పైచిలుకే. ఇంట్లో అంత చోటు ఉండదు కాబట్టి రెండు మూడు జట్లతో, ఒక్కోటి 80 సెంటీమీటర్లకు అటూ ఇటూ, సరిపెట్టుకోవడమే అందరూ చేసేది. జట్టును మాత్రం తుంచకూడదు, మూడు లేదా నాలుగు వ్యాగన్ల బీఎల్‌సీ జట్టు చూడగానే అసహజం.

భారత బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.3. దుకాణంలో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లదే, అది 1,435 మిల్లీమీటర్ల ప్రామాణిక గేజికి కట్టినది. చాలామంది ఈ తేడాతో రాజీపడతారు. పట్టాను చేత్తో వేసుకునే ఓపిక ఉన్నవారు 19.3 మీద కడితే వ్యాగన్ నిలబడే తీరే మారిపోతుంది, ఎక్కువ శ్రమకు తగిన ఫలితం ఇచ్చే పని అది. పాత మహబూబ్‌నగర్ మీటరు గేజికి 11.5 మిల్లీమీటర్లు కావాలి, ఐరోపా వారి 12 మిల్లీమీటర్ల పట్టా దానికి దగ్గరగా ఉంటుంది.

చక్రాల విషయంలో ఒక అదృష్టం ఉంది. అమెరికా సరుకు వ్యాగన్ల 33 అంగుళాల చక్రం 838 మిల్లీమీటర్లు, బీఎల్‌సీ చక్రం 840. కాబట్టి హెచ్‌ఓలో సులువుగా దొరికే 33 అంగుళాల చక్రాలు బీఎల్‌సీకి నేరుగా సరిపోతాయి. 1,000 మిల్లీమీటర్ల చక్రాలున్న బీఎఫ్‌కే, బీసీఎన్‌లకు 11.5 మిల్లీమీటర్లవి వెతుక్కోవాలి. భారత సరుకు వ్యాగన్ల కప్లర్ అమెరికా తరహా పిడికిలి ఆకారమే కావడంతో కేడీ కంపెనీ కప్లర్లు బాగా కుదురుతాయి. వ్యాగన్ శరీరాన్ని ప్లాస్టిక్ రేకుతోనో త్రీడీ ముద్రణతోనో చేయవచ్చు. బీఎల్‌సీ సన్నగా ఉండే అస్థిపంజరం లాంటిది కాబట్టి బరువు చాలదు. లోపల సీసం ముక్కలు దాచే చోటు లేదు, బరువును పెట్టెల్లోనే పెట్టాలి. ఖాళీ వ్యాగన్లను రేకు మధ్యలో వేస్తే వంపుల్లో పట్టా తప్పుతాయి, వాటిని వెనక్కి పంపడం మేలు. చివరన గార్డు పెట్టె ఉండాలి. నాలుగు చక్రాల బీవీజెడ్‌సీ అయినా ఎనిమిది చక్రాల బీవీజెడ్ఐ అయినా వేర్వేరు ఏళ్లకు నప్పుతుంది.

నేల, దుమ్ము, పరిసరం

ఈ రెండు జిల్లాల నేల ఎర్ర చల్క. వ్యాగన్ కింది భాగానికి, చక్రాలకు ఆ ఎర్ర దుమ్ము పొడి రంగుతో పట్టించాలి. కట్టమీద పరిచేది నల్లటి గ్రానైటు కంకర. మహబూబ్‌నగర్ దారి పక్కన విసిరేసినట్టున్న బండరాళ్లు, తాటిచెట్లు, చిన్న చెరువు కట్టలు. సీతాఫలాల్లో బాలానగర్ రకానికి పేరిచ్చిన ఊరు ఈ దారిలోనే ఉంది, కాబట్టి ఆ స్టేషన్ చుట్టూ సీతాఫలం పొదలు పెట్టడం అందానికే కాదు, ఊరి గుర్తింపుకు కూడా. నల్లగొండ స్టేషన్ వెనుక నేపథ్యంలో లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట రెండూ కనిపించాలి, ఆ ఊరి రూపం వాటితోనే ఉంటుంది. మిర్యాలగూడ దగ్గరకొచ్చేసరికి రంగు మారిపోతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో వరి మడులు, మిల్లుల పొగగొట్టాలు. ఒకే బల్ల మీద ఎర్ర నేల నుంచి పచ్చని మడిలోకి కంటైనర్ రేకును నడిపించగలిగితే, ఆ దారి ఎక్కడిదో బోర్డు లేకుండానే నల్లగొండ జిల్లావారు చెప్పేస్తారు.

2023 ఆగస్టు 16న కేంద్ర మంత్రివర్గం ఒకేసారి ఆమోదించిన పట్టాల విస్తరణ పథకాల్లో ఈ రెండు దారులూ ఉన్నాయి. 239 కిలోమీటర్ల గుంటూరు, బీబీనగర్ జంట పట్టా ఒకటి. మహబూబ్‌నగర్, డోన్ జంట పట్టా, ముద్‌ఖేడ్-మేడ్చల్ పనితో కలిపి మరొకటి. ఒంటి పట్టా కాలపు క్రాసింగ్ స్టేషన్లు, ఎదురుబండి కోసం లూపులో ఆగిన కంటైనర్ రేకు, ఒకే వైపు ఉన్న ప్లాట్‌ఫారం ఆ పనులతో పాటు మారేవే. నల్లగొండ దారిలో ఒంటి పట్టా యుగాన్ని చేయదలచినవారు తిప్పర్తి, కొండ్రపోలు వంటి చిన్న స్టేషన్ల లూపు పొడవులను, పాయింట్ల అమరికను, కృష్ణ మీది వంతెన దగ్గర కట్ట వెడల్పును అవి మారిపోకముందే కొలిచి, ఫొటోలు తీసి పెట్టుకోవాలి.